దండ వేసిన టూరు ఫొటో

టూరు నడిపినోళ్లారా, ఫొటో బాగా పడుతుందని థాయ్‌లాండ్‌లో మా పాప మధుమితను పడవ అంచున నిలబెట్టింది మీరే! పాప సముద్రంలో పడితే ఒక్క పూట వెతికి, ఇక లేదని చెప్పి మమ్మల్ని మద్రాసు విమానం ఎక్కించారు. శవం లేకుండానే ఆ ఆఖరి ఫొటోకు దండ వేశాం.

నిన్న చీకటి పడ్డాక వాషర్‌మెన్‌పేట్ ఇంట్లో కరెంటు పోయింది. దీపం పట్టుకున్న నా భార్య కోకిల కేక పెట్టింది.

"ఏమండీ, ఈడ చూడండి! పాప టోపీ పట్టుకోని నవ్వతా ఉండె గదా?"

ఇప్పుడు ఫొటోలో టోపీ లేదు, నవ్వు లేదు. పాప రెండు చేతులూ పైకెత్తి ఉంది. దండ చివరి నుంచి ఉప్పునీళ్లు టప్ టప్‌మని రాలుతున్నాయి.

"బతికుండే బిడ్డకు దండేసినామే!" అంటూ కోకిల దాన్ని తెంపేసింది.

తెల్లారేసరికి ఫొటోలో నీళ్లు పాప గడ్డం దాకా వచ్చాయి. మాటలొద్దు. ఇప్పుడే పడవలు దించండి, మళ్లీ వెతకండి!