మెత్త మొన తూటా

"గివి వద్దు సారూ. గంత పెద్ద డబ్బ ఉండంగ గివెందుకు?"

నులకమంచం మీద రెండు తూటాల డబ్బాలున్నాయి. ఐలేశ్ వాటిలో పెద్దదాన్ని ముందుకు జరిపాడు.

షూటర్ వీరేందర్ దాన్ని మూసి పక్కన పెట్టేశాడు.

అడవిపందులు మక్కచేలను పాడుచేస్తున్నాయని, భూపాలపల్లి దగ్గరి ఆ ఊరి సర్పంచ్ అటవీశాఖ అనుమతి తెచ్చి ఆయన్ని పిలిపించాడు. ఎక్కువ నష్టం ఐలేశ్ చేనుకే కాబట్టి అతని వాకిట్లోనే దించాడు. షూటర్ అరవై దాటిన బక్క మనిషి. తుపాకీ మాత్రం కొత్త రకం. ఒకటి పేలగానే ఇంకో తూటాను తనే ఎక్కించుకుంటుంది.

"గవి గట్టి మొనవి. గురి సరిజూసుకునేటందుకే తెచ్చిన. పందికి ఏస్తే అందులకెల్లి దూసుకపోయి అవతల ఎక్కడనో తేల్తయి. గివి మెత్త మొనవి. లోపల ఇచ్చుకొని పందిలనే ఆగుతయి."

"మరి తుపాకి నిండ పెట్టరాదు? రెండే పెడుతున్నరేంది?"

"నిండ ఉంటే వేలు ఆగదు బిడ్డా."

"సారుకు పందంటే బుగులున్నట్టుంది," అన్నారెవరో. అందరూ నవ్వారు.

వీరేందర్‌కు కోపం రాలేదు. తూటాను వేళ్ల మధ్య తిప్పుతూ నెమ్మదిగా అన్నాడు.

"నా కొడుకు గట్టి మొనదే ఏసిండు. నాలుగేండ్ల కింద, కొడకండ్ల దిక్కు. పంది పడ్డది. దాని ఎనుక పత్తిచేన్ల ఒక కూలాయన ఉన్నడు. ఆయన గూడ పడ్డడు."

ఐలేశ్‌కు ఊరూ, ఏడూ సరిపోయాయి.

ఆ కూలాయన, పత్తి ఏరే పనికి అంత దూరం పోయిన అతని అన్న ఉప్పలయ్య.

అప్పుడు ఐలేశ్ మస్కట్‌లో ఉన్నాడు. వచ్చేసరికి అన్న మట్టిలో ఉన్నాడు, చంపినవాడు జైల్లో ఉన్నాడు. వదిన వజ్రమ్మ ఆ రోజు గురించి నోరు విప్పలేదు. ఐలేశ్ అడగనూ లేదు. ఆ ఇంటివాళ్లు హాయిగా తిని తిరుగుతుంటారన్న మంట మాత్రం అతన్ని నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు వాడి తండ్రి తన మంచం మీదే కూర్చుని తూటాలు తుడుచుకుంటున్నాడు!

సొంత మనిషి పోతే ఎట్లా ఉంటుందో ఆ జైల్లో ఉన్నవాడికి తెలియాలి అనుకున్నాడు ఐలేశ్.

"హాకాల ఎడమ దిక్కు నేనుంట సారూ," అన్నాడు.

హాకా అంటే డప్పులు కొడుతూ, అరుస్తూ పందిని షూటర్ ముందుకు తరమడం. అందులో ఒక కట్టుబాటు ఉంది. పంది పక్కకు మళ్లితే, చూసినవాడు "మళ్లింది" అని కేక పెట్టాలి. షూటర్ ప్రాణం ఆ కేక మీదే ఉంటుంది.

"నువ్వు కేకెయ్యి, మిగతాది నేను సూసుకుంట. నా గురికి అడ్డం ఎవ్వలు రావద్దు," అన్నాడు వీరేందర్.

చేను చివర, ఒర్రె అనే చిన్న వాగు గట్టుకు ఎదురుగా కూర్చున్నాడు. గురి తప్పినా తూటా ఆ మట్టిలో దిగాలని.

డప్పులు మోగాయి. మక్క కదిలింది.

కోరల పంది ఒకటి బయటికి వచ్చింది. గట్టును చూసి ఆగింది. షూటర్ కంట పడకముందే చటుక్కున ఎడమకు మళ్లింది.

ఐలేశ్ కళ్ల ముందు నుంచే షూటర్ మీదికి పక్కనుంచి దూసుకుపోయింది.

అతను పళ్లు బిగపట్టి నోరు మూసుకున్నాడు. 'సూడన్నా' అనుకున్నాడు లోపల.

చప్పుడుకు వీరేందర్ తిరిగాడు. తుపాకీ భుజానికెత్తాడు. అంత దగ్గర్లో కొత్తవాడికైనా గురి తప్పదు.

కానీ పందికి సరిగ్గా వెనకాల ఐలేశ్ నిలబడి ఉన్నాడు.

"పండుకో బిడ్డా!" అని అరిచాడు వీరేందర్.

ఐలేశ్ కదల్లేదు.

తుపాకీ కిందికి దిగింది.

పంది ఆయన తొడను చీల్చుకుంటూ ఒర్రెలోకి పోయింది.

అందరూ కలిసి ఆయన్ని ట్రాక్టర్ ఎక్కించారు. నెత్తురు ఆగడం లేదు. ఐలేశ్ తువ్వాలతో అదిమిపట్టాడు. ఎందుకు పట్టాడో అతనికే తెలియదు.

"మెత్త మొనదే గద సారూ, పందిల ఆగుతదంటివి! ఎందుకు ఏయలే?"

"తప్పితే నువ్వున్నవ్ గద," అన్నాడు వీరేందర్.

దవాఖాన దాకా పోనే లేదు, ఊరు దాటకముందే ప్రాణం పోయింది. ట్రాక్టర్‌ను వెనక్కి తిప్పారు.

కూలికి పోయిన వజ్రమ్మ అప్పుడే తిరిగి వస్తోంది. జనాన్ని తోసుకుని వచ్చి ఆ ముఖం చూసింది. చూస్తూనే ట్రాలీ పట్టుకుని కూలబడింది.

"ఏడ్వకు వదినె. అన్నను సంపినోని అయ్య వీడు," అన్నాడు ఐలేశ్. ఇంకా పగ చావలేదు.

"ఎరుకే."

"ఎట్లెరుక?"

వజ్రమ్మ కొంగుతో ఆయన ముఖం మీది మట్టి తుడిచింది.

"ఎవడు కాల్చిండో పోలీసోళ్లకే తెల్వని నాడు, సొంత కొడుకును జబ్బవట్టి ఠాణకు గుంజుకొచ్చి, నా ముందటనే 'వీడే సంపిండు, రాసుకోండ్రి' అన్నది గీ సారే ఐలేశూ."