నక్క మామ తరిమిన రాత్రి

జొన్నచేను గట్టున ఒక ముసలి నక్క, ఒక ముసలి కుందేలు చీకటి పడ్డాక చేరి పాత రోజులు తలుచుకునేవి.

"అప్పట్లో నువ్వు తరుముతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేదాన్ని, మామా!" అంది కుందేలు ఒక రాత్రి.

"ఒక్కనాడైనా దొరికావా?" అని నక్క నవ్వింది. "ఇప్పుడేమో నాకు పళ్లు లేవు, నీకు భయం లేదు."

"ఆ భయమే నయం. నీ అడుగుల చప్పుడు వినబడేది, తప్పించుకునే దారి ఉండేది. ఈ వేటగాళ్లు జీపులో వచ్చి లైటు కొడితే కళ్లు చెదిరి కాళ్లు కదలవు. మావాళ్లంతా అలా నిలబడే చచ్చిపోయారు."

ఆ మాట పూర్తవుతుండగానే జీపు వచ్చింది. లైటు సూటిగా కుందేలు మొహాన పడింది. కుందేలు రాయిలా నిలబడిపోయింది.

"పరుగెత్తవే!" అని నక్క అరిచింది. కుందేలు కదల్లేదు.

నక్క ఇక అరవలేదు. వెనకనుంచి, వయసులో ఉన్నప్పటిలాగే గుర్రుమంటూ, బోసినోరు తెరిచి దాని మీదికి దూకింది. పాత భయం ఒక్కసారిగా కుందేలు కాళ్లలోకి వచ్చింది. ఒక్క గెంతులో అది చేలో పడింది.

తుపాకీ పేలింది.

కుందేలు పరుగెడుతూనే చెవులు వెనక్కి తిప్పింది. నక్క అడుగుల చప్పుడు వినబడాలని అది కోరుకోవడం బతుకులో అదే మొదటిసారి.