బూసా అంగడి డాక్టరు

"నువ్వు హొసకోటెకు పోయేది లేదు, ఏడాది పొడుగునా ఇంకొకరి చేతికింద పేడ ఎత్తేది లేదు," అన్నాడు వెంకటగిరియప్ప, బూసా మూట మీద నుంచి లేవకుండానే.

"పేడ ఎత్తేదానికి కాదు నాయినా, ట్రైనింగు," అన్నాడు కొడుకు నంజుండ. "ఆడుండే పశువుల ఆస్పత్రి పెద్ద డాక్టరే రమ్మన్నాడు. సోమవారానికల్లా చేరల్ల."

"పట్టా చేతికొచ్చినంక ట్రైనింగు యాల? ఇచ్చినోళ్ళు పిచ్చోళ్ళా?"

"కాలేజీలో మేము చూసింది ఎముకలూ బొమ్మలూ నాయినా. పానముండే గొడ్డు మీద చెయ్యి పెట్టింది తక్కువ."

వెంకటగిరియప్పకు బళేపేటలో బూసా అంగడి, అంటే తవుడూ చెక్కా అమ్మే పశువుల మేత కొట్టు, ఉంది. కొడుకు పశువుల డాక్టరయితే మేతా మందూ ఒకే గడపలో అమ్మొచ్చని చదివించాడు. బోర్డు కూడా రాయించి గోడకు ఆనించి పెట్టాడు. అందులో కొడుకు పేరు కన్నా అంగడి పేరు పెద్దది. అంతటితో ఆగాడా అంటే, పక్క సందులో పాలు పోసే సొన్నమ్మకు మాట కూడా ఇచ్చేశాడు. ఆమె ఆవు నేడో రేపో ఈనేట్టుంది. కిందటి ఈతలో దూడ అడ్డం తిరిగి చచ్చిపోయింది. ఈసారి పురుడు నంజుండ పోస్తాడని ఆ మాట.

ఆ సంగతి విన్నప్పటి నుంచి నంజుండకు అన్నం సయించడం లేదు. అడ్డం తిరిగిన దూడ గురించి పుస్తకంలో పేజీన్నర ఉంది. చదివాడు, పరీక్షలో రాశాడు, మంచి మార్కులే వచ్చాయి. కానీ సొన్నమ్మకు ఉన్నది ఆ ఒక్క ఆవే.

"చెయ్యి తప్పితే తల్లీ పిల్లా రెండూ పోతాయి నాయినా. నాకు భయంగా ఉండాది."

"సరే, నీ మాటా వద్దు, నా మాటా వద్దు. బసవన్ననే అడుగుదాం," అని వెంకటగిరియప్ప వీధిలోకి నడిచాడు.

ఆ ఇంట్లో పెళ్ళి సంబంధమైనా, కొత్త సరుకైనా గంగిరెద్దును అడక్కుండా ఖాయం కాదు. గంగిరెద్దులాడించే పెద్దమునియప్పను ఆయన పొద్దున్నే పిలిపించి ఉంచాడు. పశువుల చదువు చదివిన కొడుకు భవిష్యత్తును తేల్చడానికి పశువు కన్నా అర్హులెవరని ఆయన ఉద్దేశం.

డోలు మోగేసరికి వీధంతా పోగయింది. కాళ్ళకు గజ్జెలు, మూపురం మీద జరీ గుడ్డ, నుదుట ఇంత బొట్టుతో బసవన్న నిలబడి ఉన్నాడు.

"బసవన్నా, మావోడు హొసకోటెకు పోవల్నా?"

ఎద్దు తల అటూ ఇటూ గట్టిగా విదిలించింది.

"చూస్తివా? వద్దంటా ఉండాడు," అన్నాడు వెంకటగిరియప్ప.

నంజుండ ఎద్దునే చూస్తున్నాడు. ప్రశ్న పూర్తికాకముందే అది తల విదిలించింది. పైగా కుడిచెవి వాలిపోయి ఉంది. దగ్గరికి వెళ్ళి తనూ ఒకటి అడిగాడు.

"బసవన్నా, మా నాయిన మంచోడేనా?"

ఎద్దు మళ్ళీ అలాగే విదిలించింది. జనం కిసుక్కుమన్నారు. వెంకటగిరియప్ప మొహం మాడిపోయింది.

"అది జవాబు కాదు నాయినా. దానికి చెవినొప్పి," అన్నాడు నంజుండ.

కొంచెం నూనె, ఇంత దూది, కాలేజీలో వాడిన చిన్న పట్టకారు తెచ్చాడు. పెద్దమునియప్ప కొమ్ములు పట్టుకున్నాడు. చెవిలో నూనె పోసి, తుడిచి, మెల్లగా లాగితే, రక్తం తాగి శనగ్గింజంత అయిన పిడుదు బయటికొచ్చింది. ఎద్దు బుస్సున ఊపిరి వదిలి పెద్దమునియప్ప భుజం మీద తల వాల్చింది.

"ఎన్ని దినాలాయెనో ఇది నిద్రపోయి. నీ రుణం ఎట్ల తీర్చేది సామీ," అని అతను కళ్ళు తుడుచుకున్నాడు.

నంజుండకు ఒళ్ళు పులకరించింది. ఒక మూగజీవి బాధను తన చేతులతో తీయడం అతనికి అదే మొదలు. హొసకోటెలో ఏడాదంతా ఇదే పని కదా అనుకున్నాడు. ధైర్యం కూడా వచ్చింది.

"ఇప్పుడడుగు నాయినా. అది సుమ్నే, తల కదపకుండా నిలబడుకుంటాది, చూడు."

వెంకటగిరియప్ప కింద పడిన పిడుదును చూశాడు, కొడుకును చూశాడు, గోడకు ఆనించిన బోర్డును చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"బసవన్నా, నీ చెవి బాగుచేసినోడికి ఇంక ట్రైనింగు యాల? ఈ పొద్దే బోర్డు కట్టేద్దామా?"

పెద్దమునియప్పకు రుణం తీర్చే దారి దొరికింది. మనస్ఫూర్తిగా డోలు మీద ఎద్దుతో తలూపించే రెండు దెబ్బలు వేశాడు. ఎద్దు నిమ్మళంగా, చెవి కదలకుండా, తల కిందికీ పైకీ ఊపింది. ఎవరికీ అనుమానం మిగలకుండా ఇంకోసారి ఊపింది.

జనం చేతులు జోడించారు. నంజుండ నోరు తెరిచాడు గానీ వినేవాళ్ళు లేరు. గుంపులోంచి సొన్నమ్మ ముందుకొచ్చి ఎద్దు కాళ్ళకు మొక్కింది.

"చెవి బాగైనంకనే గదప్పా, సామికి మన మాట సరిగ్గా ఇనిపించింది," అని లేచి, నంజుండ చెయ్యి పట్టుకుంది. "తీర్పు కానీలే అని ఇంతసేపూ ఆగినా. నడువు డాక్టరప్పా, మా ఆవుకు నొప్పులు మొదలైనాయి."