ఖాళీ గడి

పాస్టరుగారు ప్రసంగానికి బైబిలు తెరవగానే వెనక బల్ల మీంచి డ్వైట్ లేచి బయటికి వెళ్లిపోయాడు.

ప్రతి ఆదివారం ఇదే వరస. మళ్లీ చివరి పాట వేళకి బూట్లకి మంచు అంటించుకుని తిరిగొస్తాడు.

"సిగరెట్టుకి," అనేవారు ఆడవాళ్లు.

"విస్కీ కాచే కెంటకీ నుంచి వచ్చినవాడు. కారులో సీసా ఉండే ఉంటుంది," అనేవారు మగవాళ్లు.

అతను మిన్నెసోటాలోని మా ఊరికి చక్కెర మిల్లులో పనికని వచ్చి ఏడాదైంది. అరవై దాటిన మనిషి. ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఎవరితోనూ పెద్దగా కలవడు.

మా సంఘం పనులు చూసే డీకన్ ఆర్విడ్ నీస్ట్రమ్. మంచివాడే కానీ మొండివాడు. ప్రతి విశ్వాసీ దేవుడికి ఏదో ఒక విధంగా పనికిరావాలని గుడి వసారాలో నల్లబోర్డు పెట్టించాడు. దాని మీద అందరి పేర్లు, పేరుకెదురుగా చేసే పరిచర్య. పాటలు, సండే స్కూలు, కాఫీ కాయడం, మెట్ల మీద మంచు తీయడం.

అన్ని గడులూ నిండాయి, డ్వైట్ గడి తప్ప.

"బ్రదర్, మీ పేరు ఎదురుగా ఏం రాయమంటారు? మంచు తీస్తారా?" అడిగాడు ఆర్విడ్.

"ఈ కాలుతోనా?"

"పోనీ కాఫీ కాయండి."

"ప్రసంగం టైములోనే కదా కాచేది. కుదరదు."

"మరి దేనికి పనికొస్తారండీ మీరు?"

డ్వైట్ టోపీ తలకి పెట్టుకున్నాడు. తర్వాత కారెక్కి వెళ్లిపోయాడు.

జనవరిలో ఒక ఆదివారం, 'దేవునికి పనికొచ్చే పాత్ర' అని ప్రసంగం పెట్టారు. ఆ పొద్దున ఆర్విడ్ తన తల్లి ఎల్నాకి కొత్త ఆక్సిజన్ సిలిండర్ బిగించి, ముక్కుకి గొట్టం సరిచేశాడు. ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. మిగతా రోజులు నర్సు వస్తుంది. ఆదివారం పొద్దున ఒక్కటే ఆమె ఒంటరిగా ఉండేది.

"ఒంటిగంట దాకా వస్తుందమ్మా. ఈలోగా వచ్చేస్తా."

"నాకేమైందిరా? నువ్వు వెళ్లు. పాటలకి ఆలస్యమవుతుంది."

గుడి దగ్గర ఆర్విడ్ తన ట్రక్కుని సరిగ్గా డ్వైట్ కారు వెనక అడ్డంగా పెట్టాడు.

"ఇవాళైనా ప్రసంగం వింటాడు," అన్నాడు మాతో.

మేం నవ్వాం.

ప్రసంగం మొదలైంది. డ్వైట్ బయటికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, నేరుగా ముందు బల్ల దగ్గరికి నడిచాడు.

"నీ ట్రక్కు తియ్యి, ఆర్విడ్."

"ఆఖరి ఆశీర్వాదం అయ్యాక తీస్తా."

"ఇప్పుడే వెళ్లాలి."

"ఎక్కడికో చెప్పండి, తీస్తా."

డ్వైట్ గోడ గడియారం కేసి చూశాడు.

"చెప్పనని ఒకరికి మాటిచ్చాను."

"ముందు దేవుడికి ఒక అరగంట ఇవ్వండి బ్రదర్. కూర్చోండి."

ఇంకా వాదిస్తే పొద్దుపోతుందనుకున్నాడేమో, డ్వైట్ వెనుదిరిగాడు. కిటికీలోంచి అందరికీ కనబడ్డాడు. మంచులో కాలీడ్చుకుంటూ దాదాపు పరుగెడుతున్నాడు.

"చలిలో నడవనైనా నడుస్తాడు గానీ వాక్యం వినడు," అన్నాడు ఆర్విడ్ గొంతు తగ్గించి.

ప్రసంగం ముగియబోతుండగా ఆఫీసు గదిలో ఫోను మోగింది. ప్రసంగం జరుగుతుంటే ఫోను ఎత్తకూడదన్నది ఆర్విడ్ పెట్టిన నియమమే. చాలాసేపు మోగి ఆగిపోయింది.

ఆర్విడ్ ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

ఎల్నా కుర్చీలో తల వాల్చి ఉంది. పక్కన డ్వైట్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో పానా ఉంది. అతను మార్చిన సిలిండర్ బుస్సుమంటూనే ఉంది. ఆమె ఊపిరి మాత్రం ఆగిపోయింది.

"అంబులెన్సుకి చెప్పాను, ఇంకా రాలేదు. గుడికి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు," అన్నాడు డ్వైట్.

"ఒంటిగంట దాకా రావాలే..."

"ఆమెకి అంతసేపు రాదు. ఊపిరి చాలక నువ్వు వెళ్లగానే గాలి ఎక్కువ వచ్చేలా మర తిప్పుకునేది. పదకొండుకల్లా అయిపోయేది. ఆ వేళ్లతో సిలిండర్ మార్చుకోలేకపోయేది. పోయిన మార్చిలో గుడికి వస్తూ చూశాను, మోచేత్తో కిటికీ అద్దం కొడుతోంది. అప్పట్నుంచీ నేనే వచ్చి మారుస్తున్నా."

"నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నర్సుతోనూ వేయించుకుంది." డ్వైట్ పానా నేల మీద పెట్టాడు. "తెలిస్తే నువ్వు గుడి మానేసి తన పక్కన కూర్చుంటావని భయం. 'మావాడు దేవుడి పనిలో ఉండాలంటే నా పనికి ఒకరు ఉండాలి డ్వైట్' అంది."

ఆర్విడ్ తల్లి పాదాల దగ్గర కూలబడ్డాడు. ఇవాళ డ్వైట్ నడిచి వచ్చాడు. ఎందుకు నడవాల్సి వచ్చిందో ఆర్విడ్‌కి తెలుసు.

సమాధి కార్యక్రమానికి డ్వైట్ వచ్చి, వెనక నిలబడి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఊరు వదిలాడని మిల్లులో చెప్పారు.

తర్వాతి ఆదివారం మేం వెళ్లేసరికి ఆర్విడ్ బోర్డు ముందు సుద్దముక్కతో నిలబడి ఉన్నాడు. తన పేరు ఎదురుగా ఉన్న పరిచర్యలన్నీ చేత్తో చెరిపేసి, ఒక్కొక్కటే డ్వైట్ గడిలో రాస్తున్నాడు.