రెండు చెంచాల బిర్యానీ

సెలవులకు చాంద్రాయణగుట్టలో అన్న అమీర్ ఇంటికి వచ్చిన నుజహత్, బిర్యానీ రెండు చెంచాలే పెట్టుకుని పళ్లెం నిండా కీర ముక్కలు వేసుకుంది.

డయాలసిస్ నుంచి అప్పుడే వచ్చిన అమీర్ ఊరికే చూస్తున్నాడు. నాలుగేళ్లుగా అతనికి ఏ రుచీ తెలియడం లేదు.

"నాకైతే పథ్యం. సెలవులల్ల నీకేమైంది?"

"పథ్యం కాదు భాయ్. అన్నీ తింటున్న, జరంత జరంత. పొద్దుగాల నడుస్తున్న."

"మంచిగ తిను. మళ్ల ఎప్పుడొస్తవో."

"ఇప్పట్ల పోను. ఆపరేషన్ దాకా బరువు పెరగొద్దన్నడు డాక్టర్."

"ఎవరికి ఆపరేషన్?"

"మనిద్దరికి. నా కిడ్నీ నీకు మ్యాచ్ అయింది."

అమీర్‌కు సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు. వద్దని చెప్పాలని మాత్రం తెలుసు.

చెప్పలేదు.