మెట్టె కింది వేలు

"మెట్టె కత్తిరిస్తే వేలు దక్కుతుంది. లేదంటే వేలు పోతుంది. నేను చెప్పేది ఇంతే," అన్నాడు నంద్యాల డాక్టర్ జ్ఞానప్రకాశం.

వాసవాంబ పాదం ఆయన ఎదురుగా స్టూలు మీద ఉంది. వేలు వాచిపోయి, మెట్టె కండలోకి దిగబడింది. పక్క సందులో చర్మం తెల్లగా నాని, పొరలు పొరలుగా ఊడివస్తోంది. ఆమె తల తిప్పి, పక్కన నిలబడ్డ అత్త తులసమ్మ మొహంలోకి చూసింది.

"నా కొడుకు బతికుండంగా కోడలి కాలికి మెట్టెలు తీయల్లనా సార్? ఇంగేదన్నా మందు చూడండి," అంది తులసమ్మ.

మందులన్నీ ఎప్పుడో అయిపోయాయి.

ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర తులసమ్మకు కాఫీ హోటలు ఉంది. పేరు తులసమ్మది, రెక్కల కష్టం వాసవాంబది. తెల్లవారకముందే లేచి పిండి రుబ్బాలి, గిన్నెలు తోమాలి, గచ్చు కడగాలి. ఊరంతా వానకు మొహం వాచినా ఆమె కాళ్లకు మాత్రం ఏడాది పొడుగునా ముసురే. అట్లాంటి కాళ్లకు వేళ్ల సందుల్లో పాచిపుండ్లు రాక ఏమొస్తాయి? వచ్చాయి. ఊదారంగు మందు పూస్తే ఎండిపోయాయి, నెల తిరక్కుండానే మళ్లీ వచ్చాయి. ఆయింట్‌మెంటు రాస్తే తగ్గాయి, ఆపగానే మళ్లీ వచ్చాయి.

డాక్టరు మొదటిసారే అంతా విడమరచి చెప్పాడు. నయమైనట్టు కనపడగానే మందు ఆపొద్దన్నాడు. కాలు కడిగాక సందులన్నీ పొడిగుడ్డతో ఒత్తి, పౌడరు చల్లమన్నాడు. ఆ గుడ్డ ఉడకబెట్టి ఆరేయమన్నాడు. తడిలో నిలబడొద్దన్నాడు. అన్నిటికంటే ముందు మెట్టెలు తీసేయమన్నాడు. మెట్టె కింద తడి ఆరదు, మందు చేరదు, రోగం అక్కడే కాపురం పెడుతుంది.

గుడ్డలూ పౌడర్లూ తులసమ్మ తు.చ. తప్పకుండా చూసుకుంది. రోజూ కింద కూర్చుని, కోడలి కాలు ఒళ్లో పెట్టుకుని, సందు సందూ తుడిచేది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అత్తంటే అట్లుండల్ల అన్నారు. తడిలో నిలబడొద్దన్న మాట మాత్రం ఆమె చెవికెక్కలేదు. పిండి ఎవరు రుబ్బుతారు మరి? ఇక మెట్టెల ప్రస్తావన వస్తే కళ్లలో నీళ్లు పెట్టుకునేది.

వాసవాంబ మొగుడు సీతారాం వక్కల వ్యాపారమని హుబ్లీకి పోయి నాలుగో ఏడు. మళ్లీ ఇంటి మొహం చూడలేదు. నంద్యాలలో తులసమ్మ తమ్ముడి అంగడికి ఫోన్ చేస్తాడట. తులసమ్మ సరుకులకు పోయినప్పుడల్లా ఆ కబుర్లు మోసుకొచ్చేది. బాగుండాడని, సీజన్ అయినాక వస్తాడని, నిన్ను అడిగినాడని. ఆ 'అడిగినాడు' అన్న ఒక్క మాట మీద వాసవాంబ రెండు నెలలు పిండి రుబ్బేది. హోటలుకు వచ్చేవాళ్లు మాత్రం, వాడు అక్కడ ఎవతెనో పెట్టుకున్నాడని చెవులు కొరుక్కునేవాళ్లు. అది ఆమె చెవినా పడింది. పుండు కంటే అదే ఎక్కువగా సలిపేది.

ఒకసారి ప్రొద్దుటూరు నుంచి అన్న వచ్చి, చెల్లెలి కాలు చూసి మండిపడ్డాడు. మొగుడే పట్టించుకోని ఇంట్లో ఈ చాకిరీ ఏందని, వెంటనే బయల్దేరమని పట్టుబట్టాడు. తులసమ్మ అడ్డం చెప్పలేదు.

"పిల్చకపో నాయనా. రేపు వాడొచ్చి, నా పెండ్లాం యాడమ్మా అంటే నేనేం చెప్పల్ల?" అంది.

ఆ మాటకు వాసవాంబ కరిగి నీరైపోయింది. అన్నను ఒంటరిగానే బస్సెక్కించింది.

ఇప్పుడు డాక్టరు అత్తను వదిలేసి వాసవాంబనే అడిగాడు. కత్తిరించేది వెండి ముక్క, నయమయ్యాక కొత్తవి పెట్టుకోవచ్చు అన్నాడు. కాలు నీది, నువ్వు చెప్పు అన్నాడు.

వాసవాంబ తల వంచుకుని మెట్టె వైపే చూసింది. మొగుడికీ తనకూ మధ్య మిగిలింది అదొక్కటేనని ఆమె నమ్మకం.

"ఆయన సల్లంగుంటే సాలు సార్. వేలు పోతే పోనీ."

డాక్టరు ఏదో మందు రాసిచ్చి పంపేశాడు. అది పనిచేయదని ఆయనకూ తెలుసు. పక్షం తిరక్కుండా వేలు నల్లబడింది. ఈసారి ఆయన ఎవరినీ అడగలేదు, తీసేశాడు. దాంతో పాటే మెట్టె కూడా వచ్చేసింది. డాక్టరు అటు తిరగగానే తులసమ్మ దాన్ని కడిగి, కట్టు కొంచెం జరిపి, పక్క వేలికి తొడిగింది. వాసవాంబ అంత నొప్పిలోనూ అత్త చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

కట్టు విప్పించడానికి మళ్లీ నంద్యాల వచ్చారు. ఏ రోజు రావాలో తులసమ్మే చూసి పెట్టింది. పని అయ్యాక కోడలిని రిక్షా ఎక్కించి, కుందూ ఏటి దగ్గర పురోహితుడి ఇంటికి తీసుకుపోయింది. సీతారాం పేరు మీద దానం ఇవ్వాలని దారిలో చెప్పింది. లోపలంతా తడిగా ఉంటుంది, కాలు నానబెట్టుకోవద్దని కోడలిని అరుగు మీద కూర్చోబెట్టి, సంచి తీసుకుని లోపలికి పోయింది.

వాసవాంబ కాలు చాపుకుని కూర్చుంది. నొప్పి ఉంది గానీ మనసు తేలికపడింది. ఇంత పోగొట్టుకున్నాక దేవుడు కనికరించకపోడు, ఈ ఏడు ఆయన తప్పకుండా వస్తాడు అనుకుంది. తలుపు సందులోంచి, అత్త వంగి విస్తట్లో బియ్యం, పెసరపప్పు, అరటికాయలు సర్దడం కనపడింది. మాటలు వినపడలేదు. తనూ కూర్చున్నచోటే చేతులు జోడించి, మొగుడి ఆయుష్షు కోసం కళ్లు మూసుకుంది.

లోపల తులసమ్మ గోత్రం, కొడుకు పేరు చెప్పి, పురోహితుడికి ఒక్కడికే వినపడేటట్టు, "మూడో ఏటి తద్దినం సామీ, బేగా కానీండి, కోడలు బయట కూచోనుంది," అంది.