పెరట్లో బావి

“మొదట బాయి చూపియ్యండి. ఆ తర్వాతే నా మాట,” అంది యశోద.

పెండ్లికొడుకు ఇల్లు చూడ్డానికి పెండ్లికూతురే బండెక్కి రావడం ఆ రోజుల్లో కళ్యాణదుర్గంలో ఎవరూ కని విని ఎరగరు. తండ్రి శ్రీరంగప్ప సిగ్గుతో తల వంచుకున్నాడు. పెండ్లికొడుకు తల్లి తిమ్మక్క మాత్రం నవ్వేసింది.

“ఏమప్పా శ్రీరంగప్పా, నీ బిడ్డకు మా సెనక్కాయల మిల్లు కనపల్లేదా? మిద్దె, మోటారుసైకిలు కనపల్లేదా?”

“దప్పికైతే మిల్లు తాగుతామా అత్తా?”

యశోద పంతం అలాంటిది. మేనమామ కొడుకు తిప్పేస్వామి అంటే ఆమెకు ప్రాణం. అతనికున్నదల్లా వాన లేక మాడిన చేను, చేను గట్టున వేపచెట్టు కింద ఒక బావి. ఎంత కరువొచ్చినా ఎండని బావే, కానీ ఊరికి మైలు దూరం. “శ్రీరంగప్ప కూతురు నెత్తిన బిందె పెట్టుకోని అంత దూరం నడిస్తే నలుగురూ నవ్వరా? పెరట్లో బాయుండే ఇంటికే పోతా” అని మొన్న అతని మొహం మీదే అనేసింది. “సరేలే యశోదా” అన్నాడు అతను. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

తిమ్మక్క పెరటి తలుపు తీసింది. కాలు పెడితే కాలిపోయే బండలు. చెట్టు కాదు కదా, గడ్డిపరక కూడా లేదు. మధ్యలో బావి, అడుగున తళతళమంటూ నీళ్లు.

“సూడు తల్లీ. ఏడాది పొడుగునా ఇట్లే ఉంటాది. మా బాయికి కరువంటే తెలీదు.”

“ఇంకేమి పాపా, ఊ అను,” అన్నాడు శ్రీరంగప్ప.

యశోదకు కాదనడానికి ఇక సాకు లేదు. తానే బొక్కెన వేసి చేది, దోసిట్లో పోసుకుని ఒక గుక్క తాగింది.

చిన్నప్పటి ఎండాకాలాలన్నీ గొంతులోకి దిగాయి. వేపనీడలో తాను దోసిలి పట్టేది. బావ పైనుంచి చెంబుతో పోసేవాడు. మోచేతుల మీదుగా కారి పరికిణీ అంతా తడిసేది. చాలు బావా అన్నా ఆపేవాడు కాదు. కమ్మగా ఉండి, చివర్లో పిసరంత చేదు తగిలే ఆ నీళ్లు ఇంకే బావిలోనూ లేవు.

దోసిట్లోకి చూసింది. రెండు వేపపూలు తేలుతున్నాయి.

“ఈ నీళ్లు యాడివి అత్తా?”

తిమ్మక్క మొహం మాడిపోయింది.

“ఏం చెప్పేదిలే తల్లీ. మా బాయెండి శానా దినాలైంది. నిన్న మీ ఊరి ఆయప్ప, తిప్పేస్వామంట, తానే బండ్లో డ్రమ్ములు తోలుకోనొచ్చి పోసిపోయినాడు. దుడ్లిస్తే ముట్టలేదు. ‘పెండ్లైనాక గూడా దినామూ నేనే పోస్తా, ఆ పాపకు మాత్రం చెప్పొద్దు’ అన్నాడు.”

యశోద గట్టు మీదున్న బిందె తీసుకుని, అంచుదాకా నింపి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నెత్తిన పెట్టుకుంది. వీధిలో నలుగురూ చూస్తుండగా తలవాకిలి దాటి, వెనక్కి తిరిగింది.

“మీ బిందె రేపు పంపిస్తా తిమ్మక్కత్తా. నీళ్లు మాత్రం మా ఇంటివి.”